మూడో రోజు పార చేతికిచ్చే ఊళ్ళు

పోయిన సంచికలో నేను కెన్యాలో రెండేళ్ళు ఉండొచ్చిన సంగతి నాలుగు లైన్లు రాసినందుకే ఇన్ని ప్రశ్నలొస్తాయని అనుకోలా. కావలి నుంచి, ఆత్మకూరు నుంచి, కనిగిరి పక్క పల్లెల నుంచి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు, ఒకాయనైతే మూడు పేజీలు చేత్తో రాసి ఫొటో తీసి పంపించాడు. అందరూ అడిగింది అక్కడికి వాలంటీరింగ్‌కి, అంటే జీతం ఆశించకుండా సేవకి, పోవడం గురించే. అందరికీ విడివిడిగా రాయాలంటే నా వల్ల కాదు కాబట్టి ఒకేరకం ప్రశ్నలు కలిపేసి చెప్తా. నన్ను తెలియని వాళ్ళకి ఒక్క ముక్క, నేను నెల్లూరు పక్క హైస్కూల్లో సైన్స్ చెప్పేదాన్ని, ముందే రిటైర్మెంట్ తీసుకుని కెన్యాలో నకూరు అనే టౌనుకి గంటన్నర దూరంలో ఉండే ఒక పల్లె బడిలో పనిచేశా. నేను చెప్పేది ఆ చుట్టుపక్కల సంగతే. ఆఫ్రికా అంటే 54 దేశాలు, ఒకదానికీ ఇంకోదానికీ మన నెల్లూరికీ కాశ్మీరుకీ ఉన్నంత తేడా ఉంటది, ఇది మనసులో పెట్టుకుని చదవండి.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నా. ఒక ఏజెన్సీ వాళ్ళు 15 రోజులు కెన్యాలో అనాథ పిల్లల హోంలో వాలంటీరింగ్ అంటున్నారు, ఫ్లైట్ టికెట్ కాకుండా లక్షా ఎనభై వేలు, సర్టిఫికెట్ కూడా ఇస్తారంట. పిల్లలంటే నాకు చాలా ఇష్టం. పోవచ్చా? (కావలి)

తల్లీ, నీ మనసు మంచిది, అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నా, ఆ డబ్బు కట్టొద్దు. డబ్బు పోతుందని కాదు, ఆ పిల్లల కోసమే వద్దంటున్నా.

అక్కడ హోముల్లో ఉండే పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో, కనీసం అవ్వో బతికే ఉంటారు. ఫీజు కట్టలేకో, రెండు పూటలా పెట్టలేకో హోంలో వదులుతారు. చూడ్డానికొచ్చే విదేశీయులు, వాళ్ళిచ్చే డొనేషన్లు పెరిగేకొద్దీ హోంలకి పిల్లలు కావాల్సొస్తారు, అప్పుడు పల్లెలకి పోయి తల్లుల్ని ఒప్పించి మరీ తెచ్చేవాళ్ళు తయారవుతారు. అందుకే కెన్యా ప్రభుత్వం 2017 నవంబర్లో కొత్త హోంల రిజిస్ట్రేషన్లే ఆపేసింది. అదే డబ్బుతో ఆ బిడ్డని వాళ్ళ అవ్వ దగ్గరే ఉంచి చదివించొచ్చు గదా.

నేను ఒకే ఒక్కసారి అలాంటి చోటికి పోయా. నాలుగేళ్ళ పాప ఒకత్తె, నా పేరు కూడా అడగలా, నేరుగా వచ్చి ఒళ్ళో కూర్చుని నా చెయ్యి తీసి తన చుట్టూ వేసుకుంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినయ్, ఎంత ప్రేమో అనుకున్నా. అక్కడ వంట చేసే పెద్దామె నన్ను పక్కకి పిలిచి, ఈ బిడ్డ ఎవరొచ్చినా ఇట్లానే కూర్చుంటది అమ్మా, పోయినవాళ్ళ కోసం ఏడ్చి ఏడ్చి ఇప్పుడు ఏడవడం కూడా మానేసింది అని చెప్పింది. మన ఇళ్ళల్లో కొత్త మనిషి వస్తే బిడ్డ వాళ్ళమ్మ కొంగు చాటుకి పోతది చూడు, అది ఆరోగ్యం. కొత్తవాళ్ళ ఒళ్ళోకి పరిగెత్తడం ప్రేమ కాదు తల్లీ, అదొక గాయం. నువ్వు 15 రోజులుండి వచ్చేస్తే ఆ గాయాన్ని ఇంకోసారి రేపినట్టే అవుతది. ఆ రోజు తర్వాత నేను మళ్ళీ ఆ గేటు లోపలికి పోలా.

ఇంకోరకంగా ఆలోచించు. తెలుగు ముక్క రాని అమ్మాయి ఎవరో నార్వే నుంచి వచ్చి 15 రోజులు కావలి స్కూల్లో పాఠం చెప్తానంటే హెడ్మాస్టరు క్లాసు ఇస్తాడా? మన పిల్లల విషయంలో ఒప్పుకోనిది వాళ్ళ పిల్లల విషయంలో ఎట్లా ఒప్పుకుంటాం.

స్వాహిలీలో ఒక సామెత ఉంది, "మ్గేని సికు మ్బిలి, సికు యా తాతు మ్పె జెంబె". చుట్టం రెండు రోజులే చుట్టం, మూడో రోజు చేతికి పార ఇచ్చెయ్ అని. నేను పోయిన మూడో రోజు నిజంగానే నేనున్న ఇంటామె పార చేతికిచ్చి మొక్కజొన్న చేలో కలుపు తియ్యడానికి పిలిచింది. నాకు చేతులు బొబ్బలెక్కినయ్ గానీ ఆ సాయంత్రం నుంచే చుట్టుపక్కల ఆడవాళ్ళు నాతో మాట్లాడ్డం మొదలుపెట్టారు. కాబట్టి నువ్వు అడగాల్సింది ఏందంటే, నా చేతికి ఇవ్వడానికి వాళ్ళ దగ్గర పని ఉందా, ఆ పని నాకొచ్చా, అది నేర్చుకుని చేసేంత కాలం నేనుంటానా. కనీసం ఆరునెలలు లేకుండా పోవద్దు, ఏడాది అయితే ఇంకా మంచిది.

మంచి దారులు లేకపోలేదు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల ప్రోగ్రాం 1970 నుంచి ఉంది, దాని ఆఫీసు జర్మనీలో బాన్ నగరంలో. వాళ్ళు మన దగ్గర డబ్బులు తీసుకోరు, ఎదురు బతకడానికి సరిపడా అలవెన్స్ ఇస్తారు, కాకపోతే చదువు, అనుభవం చూస్తారు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో చేసే వాలంటీర్ పనులు కూడా వాళ్ళ దగ్గర ఉంటయ్, నువ్వు ముందు అక్కడ మొదలుపెట్టు. ఇంకో సంగతి, ఎవరైనా సరే "టూరిస్ట్ అని చెప్పండి చాలు, లోపలికి పోయాక మేం చూసుకుంటాం" అన్నారంటే ఆ ఫోన్ కట్ చేసెయ్. కెన్యాకి పోవాలంటే మనం 2024 జనవరి నుంచి ముందే ఆన్‌లైన్లో ట్రావెల్ పర్మిషన్ తీసుకోవాలి, అది చూసి రావడానికే. జీతం లేకపోయినా పని పనే, దానికి వేరే పర్మిట్ కావాలి, అది పిలిచిన సంస్థే అప్లై చేసి తెప్పించాలి.

ప్రశ్న: మేడం, మా అమ్మాయి ఎం.ఎస్సీ. న్యూట్రిషన్ చేసింది, ఏడాది కెన్యా పోతానంటుంది. సెలెక్ట్ కూడా అయింది. మేం శాకాహారులం. అక్కడ ఏం తింటది, ఎట్లా ఉంటది, నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు. (ఆత్మకూరు)

అమ్మా, మీ భయం నాకు తెలుసు, మా అమ్మ కూడా నేను 51 ఏళ్ళ వయసులో పోతుంటే ఎయిర్‌పోర్ట్ దాకా వచ్చి ఏడ్చింది. ముందు తిండి సంగతి చెప్తా, తల్లులకి అదే గదా ముందు.

మన సంగటి ఉందే, అదే వాళ్ళ ప్రధానమైన తిండి, కాకపోతే తెల్ల మొక్కజొన్న పిండితో గట్టిగా కెలుకుతారు, ఉగాలి అంటారు. కుడిచేత్తోనే ముద్ద చేసి, బొటనవేలితో గుంట నొక్కి కూర అద్దుకుని తింటారు, ఆ చెయ్యి చూస్తే మన ఉదయగిరి పక్కన ఎవరో తింటున్నట్టే ఉంటది. దాంట్లోకి ఆకుకూర, సుకుమా వికి అంటారు, వారం నెట్టుకొచ్చేది అని అర్థం, ఉల్లిపాయ టమోటా వేసి వేపుతారు. గిథేరి అని మొక్కజొన్న గింజలు, బీన్స్ కలిపి ఉడకబెడతారు, బళ్ళో మధ్యాహ్నం అదే. చపాతీ ఉంది, పేరు కూడా చపాతీనే, మనవాళ్ళు తీసుకుపోయిందే, పండగొస్తే, చుట్టాలొస్తే చేసుకుంటారు. పాలు పోసి మరిగించిన టీని చాయ్ అనే అంటారు. పొద్దున పూట ఉజి అని జావ తాగుతారు, రాగులతో చేసింది అయితే నాకు మా ఊరి అంబలి గుర్తొచ్చేది. అసలు రాగులు పుట్టింది ఆ ఇథియోపియా, ఉగాండా ఎత్తు ప్రాంతాల్లోనే, వేల ఏళ్ళ కిందట మన దగ్గరికొచ్చినయ్. చింతచెట్టు కూడా ఆఫ్రికాదే. చింతపండు లేకుండా నెల్లూరోళ్ళకి ముద్ద దిగదు, అంత మనదైపోయింది.

కాబట్టి శాకాహారికి కడుపు మాడదు. కానీ ఎవరింటికైనా పోతే కోడిని కోస్తారు, అది పెద్ద మర్యాద, అప్పుడు కాదనడం కష్టం. అందుకే మొదటి వారంలోనే, మా ఇంట్లో మాంసం తినం, అది మా ఆచారం అని అందరికీ చెప్పుకోమనండి, కోడిని కోసినాక చెప్తే వాళ్ళు బాధపడతారు. పచ్చళ్ళు గట్టి సీసాల్లో పెట్టి పంపండి, కానీ ప్లాస్టిక్ క్యారీబ్యాగుల్లో చుట్టొద్దు, కెన్యాలో 2017 ఆగస్టు నుంచి అవి నిషేధం, ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేయిస్తారు. గుడ్డ సంచులు వాడండి. స్వెట్టర్ మర్చిపోవద్దు, నకూరు దాదాపు 1,850 మీటర్ల ఎత్తులో ఉంటది, భూమధ్యరేఖ దగ్గరే అయినా రాత్రుళ్ళు వణుకుతాం. నేను రోహిణి కార్తె ఎండల్లోంచి పోయి దిగానేమో, మొదటి వారమంతా రెండు దుప్పట్లు కప్పుకున్నా.

నీళ్ళు తెచ్చుకోవడమే పెద్ద పని. 20 లీటర్ల పసుపు డబ్బాలు, మ్తుంగి అంటారు, గాడిద బండి మీదో, లేకపోతే ఆడవాళ్ళు వీపు మీద పెట్టుకుని నుదుటికి పట్టీ కట్టుకునో మోస్తారు. ఆ పట్టీ వల్ల కొంతమంది పెద్దామెల నుదుటి మీద చార పడిపోయుంటది. మనం చంక మీద బిందె, వాళ్ళు నుదుటి మీద పట్టీ, ఎక్కడైనా నీళ్ళ బరువు ఆడవాళ్ళదే, అది చూసినప్పుడల్లా నాకు కోపం వచ్చేది. మీ అమ్మాయి ఒక బకెట్‌తో స్నానం చెయ్యడం ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటే మంచిది.

టైం విషయం ముందే చెప్పిపెట్టండి. అక్కడ ఏడాది పొడుగునా సుమారు ఆరున్నరకే పొద్దు పొడుస్తది, ఆరున్నరకే పొద్దు గుంకుతది, అందుకని స్వాహిలీలో గంటలు పొద్దున ఆరు నుంచి లెక్కపెడతారు. పొద్దున ఏడు అంటే వాళ్ళకి ఒంటిగంట. మన పెద్దోళ్ళు పొద్దు పొడుపు నుంచి ఘడియలు లెక్కేసినట్టే, మనమే మర్చిపోయాం. ఒకసారి బడికి పేరెంట్స్ మీటింగ్ "సా తాతు" అన్నారు, అంటే మూడు గంటలు, నేను మధ్యాహ్నం మూడుకి పోయా, వాళ్ళు చెప్పింది పొద్దున తొమ్మిది. నలభై మంది తల్లులు పని వదులుకొని వచ్చి నాకోసం చూసి పోయారు. ఆ వారమంతా ఇంటింటికీ పోయి క్షమించమని అడిగా, ఒక్కళ్ళు కూడా గట్టిగా మాట్లాడలా, చాయ్ ఇచ్చి కూర్చోబెట్టారు.

భద్రత అంటారా, చీకటి పడ్డాక ఒంటరిగా నడవకూడదు, బోడా బోడా అంటే అద్దె మోటార్‌సైకిల్, హెల్మెట్ లేకుండా ఎక్కకూడదు, డబ్బు చేతిలో ఎక్కువ పెట్టుకోకూడదు. డబ్బుకి ఎం-పెసా ఉంది, 2007 నుంచీ మామూలు బటన్ ఫోన్లోనే పంపుకుంటున్నారు, మనకి ఫోన్‌పే రాకముందు నుంచే, కూరగాయల అవ్వ దగ్గర కూడా నడుస్తది. ఆ ఇంటివాళ్ళ నంబరు, ఆ ఊరి బడి నంబరు మీ దగ్గర కూడా పెట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, పల్లెలో కొత్తాడపిల్ల ఉంటే ఊరంతా కనిపెట్టి చూస్తది. గడప ముందు నిలబడి "హోడి" అనాలి, లోపలినుంచి "కరిబు" అంటే పోవాలి. ఈ రెండు ముక్కలు మీ అమ్మాయికి వస్తే చాలు, తలుపులు తెరుచుకుంటయ్, మీరు నిద్రపోండి అమ్మా.

ప్రశ్న: ఏ ఏ టీకాలు వేయించుకోవాలి? నెల్లూరులో దొరుకుతాయా? (ఇది ఆరుగురు అడిగారు)

ఎల్లో ఫీవర్ అని దోమలు కుట్టి వచ్చే జబ్బుంది, దాని టీకా తప్పనిసరి అనుకోండి. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన ఇండియా ఎయిర్‌పోర్ట్‌లోనే ఆ టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు అడుగుతారు, లేకపోతే క్వారంటైన్లో పెట్టేస్తారు. వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతది, కాబట్టి రేపు ఫ్లైట్ అనగా పరిగెత్తొద్దు. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతది, 2016 నుంచి ఆ రూలు మారింది. ప్రభుత్వం గుర్తించిన సెంటర్లలోనే వేస్తారు, మన నెల్లూరోళ్ళకి చెన్నై గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర, హైదరాబాద్ పోయేవాళ్ళకి నారాయణగూడ ఐ.పి.ఎం. (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). పోయేముందు ఏ రోజుల్లో వేస్తారో కనుక్కుని పోండి. గర్భిణులు, గుడ్డు పడనివాళ్ళు, 60 దాటినవాళ్ళు డాక్టర్‌కి చెప్పకుండా వేయించుకోవద్దు.

మలేరియాకి ఎత్తు మీద ఉండే నకూరు లాంటి చోట భయం తక్కువ, విక్టోరియా సరస్సు చుట్టూ, సముద్రం పక్కన చాలా ఎక్కువ. అక్కడ ఉండేది ఎక్కువగా ఫాల్సిపారం రకం, మనిషిని రెండు మూడు రోజుల్లో ప్రాణం మీదికి తెచ్చేది. ముందుజాగ్రత్త మాత్రలు పోకముందే మొదలుపెట్టి తిరిగొచ్చాక కూడా కొన్నాళ్ళు వాడాలి, ఏ మాత్ర, ఎన్నాళ్ళు అనేది డాక్టర్ చెప్తాడు. దోమతెర కింద పడుకోండి. ఇంటికొచ్చాక నెలలు గడిచినా సరే జ్వరమొస్తే "ఆఫ్రికా పోయొచ్చా" అని మొదటి మాటే అది చెప్పండి, మామూలు వైరల్ అనుకుని పారాసిటమాల్ ఇచ్చి పంపేస్తే కష్టం.

ప్రశ్న: అక్కా, నాది కనిగిరి పక్క పల్లె, సివిల్ డిప్లొమా చేసి వాటర్ ప్లాంట్లో నాలుగేళ్ళుగా చేస్తున్నా. మా నాన్నకి ఫ్లోరైడ్ వల్ల నడుం వంగిపోయింది. ఆఫ్రికాలో నా పని ఏమన్నా పనికొస్తదా, ఇంగ్లీషు అంతంత మాత్రమే.

తమ్ముడూ, నీ ఉత్తరం నేను మూడుసార్లు చదివా. ఈ ప్రశ్న కోసమే ఈ నెల కాలమ్ రాస్తున్నా అనుకో.

నేను బళ్ళో మొదటి రోజు క్లాసులోకి పోయి "గుడ్ మార్నింగ్" అంటే అరవై మంది పిల్లలు నవ్వారు, ఆ పళ్ళు చూసి నేను ఆగిపోయా. గోధుమరంగు గీతలు, చారలు. కనిగిరిలో మా చిన్నమ్మ వాళ్ళ ఊళ్ళో చూసిన పళ్ళే. తూర్పు ఆఫ్రికాలో రిఫ్ట్ వ్యాలీ అంటే భూమి చీలిన లోయ, ఇథియోపియా నుంచి కెన్యా, టాంజానియా దాకా పోతది, అగ్నిపర్వతాల రాయి కాబట్టి నేలలో నీళ్ళల్లోకి ఫ్లోరైడ్ దిగుతది. మన దగ్గర అగ్నిపర్వతం కాదు, గట్టి రాతి పొరల్లోంచి దిగుతది, దారి వేరు, జబ్బు ఒకటే. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది, ఆ లోయలో దానికి ఎన్నో రెట్లు ఉండే బోర్లు ఉన్నయ్. నకూరు సరస్సు కూడా ఉప్పు సోడా నీళ్ళే, మన పులికాట్లో దిగే ఫ్లెమింగోల్లాంటివే అక్కడా కనిపిస్తయ్, చూడ్డానికి అందం, తాగడానికి చుక్క పనికిరాదు.

నీకు ఇంకో సంగతి చెప్పాల. నీళ్ళల్లో ఫ్లోరైడ్ తియ్యడానికి పటిక, సున్నం, కొద్దిగా బ్లీచింగ్ వేసి కలిపి, గడ్డలు కట్టి అడుక్కి దిగినాక పైన తేరిన నీళ్ళు పట్టుకునే పద్ధతి ఉందే, నాగపూర్‌లో పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన చేసే నీరి సంస్థ వాళ్ళు 1970ల్లో మన నల్గొండ బాధ చూసి తయారుచేసింది, దాన్ని ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అనే పిలుస్తారు. ఇథియోపియాలో, టాంజానియాలో కూడా దాన్ని వాడి చూశారు. మన పేరు అంత దూరం పోయింది మన బాధ వల్లే, అది తలుచుకుంటే నాకు గర్వమూ, ఏడుపూ రెండూ వస్తయ్. కాకపోతే దాంతో ఇబ్బంది నీకు తెలిసే ఉంటది, నీళ్ళని బట్టి పటిక మోతాదు మారాలి, రోజూ ఎవరో ఒకరు కలపాలి, అడుగున మిగిలిన మడ్డి ఎక్కడ పారబొయ్యాలి. నకూరు వైపు ఇంకో పద్ధతి ఉంది, పశువుల ఎముకల్ని గాలి ఎక్కువ తగలకుండా కాల్చి బొగ్గు చేసి ఫిల్టర్లో పోస్తారు, అది ఫ్లోరైడ్‌ని పట్టుకుంటది. ఆ బొగ్గు కొన్నాళ్ళకి నిండిపోతది, మార్చాలి. మార్చకపోతే అది ఉత్త డబ్బా. బాగా కట్టి రెండేళ్ళకి మూలన పడిన ఫిల్టర్లు నేను చూశా, మన ఊళ్ళల్లో మూలపడ్డ ఆర్వో ప్లాంట్లు చూసినట్టే.

అక్కడే నువ్వు కావాల్సింది తమ్ముడూ. కట్టి ఫొటో దిగి పోయేవాళ్ళు చాలామంది ఉన్నారు, నాలుగేళ్ళు రోజూ ప్లాంట్ తిప్పినవాడు, మెంబ్రేన్, అంటే నీళ్ళు వడగట్టే పొర, ఎప్పుడు మారాలో, వాసర్ ఎక్కడ లీకవుతదో చేత్తో తెలిసినవాడు దొరకడు. పోయినాక మొదటి రెండు నెలలు ఏమీ కట్టొద్దు. ఎవరి బోరు ఎట్లా ఉందో, నీళ్ళు ఎవరు మోస్తున్నారో, డబ్బు ఎవరి చేతిలో ఉందో చూడు. వానలు మార్చి నుంచి మే దాకా ఒకసారి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంకోసారి పడతయ్, ఇళ్ళకి ఎక్కువగా రేకుల కప్పులే, మబాటి అంటారు. వాన నీళ్ళల్లో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు, రేకు చూరుకి గొట్టం పెట్టి, మొదట పడ్డ నీళ్ళు వదిలేసి, తర్వాతవి ట్యాంకులో పట్టుకుంటే పసిబిడ్డలకి తాగడానికి సరిపోతయ్. పళ్ళు తయారయ్యేది చిన్న వయసులోనే కాబట్టి ముందు వాళ్ళకే ఇవ్వాలి. మనోళ్ళు చాలామంది కాచి తాగితే పోతదనుకుంటారు, కాస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడతది, అక్కడా అదే అపోహ ఉంది, ముందు అది చెప్పాల.

ట్యాంకుకి డబ్బు ఎట్లా అంటావేమో. అక్కడ ఆడవాళ్ళు చామా అని గుంపు కట్టి నెలనెలా డబ్బు వేసుకుంటారు, ఒక్కో నెల ఒకరికి ఇస్తారు, మన డ్వాక్రా అక్కలు, చీటీ పాట కలిపినట్టు. మా ఊరి చామా ఒక్కో నెల ఒక్కో ఇంటికి ట్యాంకు కొన్నది, నేను డబ్బు ఇస్తానంటే వద్దన్నారు, లెక్కల పుస్తకం రాసిపెట్టమన్నారు. రాశా. నేను అక్కడ చేసిన పనుల్లో మంచిది అదేననుకుంటా.

ఇంగ్లీషుకి భయపడొద్దు, ఆరునెలలు స్వాహిలీ మీద కూర్చో, మనకి తేలిక, ఎట్లా రాస్తే అట్లానే పలుకుతారు. దుకాణాన్ని దుకా అంటారు, డబ్బుని పెసా, లక్షని లాకి అంటారు. నిన్ను "ముహిండి" అంటారు, ఇండియావాడా అని, చిన్నబుచ్చుకోవద్దు. 1896 నుంచి 1901 దాకా మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా రైలు మార్గం వేసింది దాదాపు 32,000 మంది మన దేశపు కూలీలు, సుమారు 2,500 మంది ఆ పన్లోనే చచ్చిపోయారు, ఆ రైలు నకూరు మీదుగానే పోతది. ఉండిపోయిన కొందరు, తర్వాత వచ్చిన వ్యాపారస్తులు షాపులు పెట్టుకున్నారు, 2017లో కెన్యా ప్రభుత్వం వాళ్ళని ఆ దేశపు 44వ తెగగా గుర్తించింది. అందుకే ఇండియావాడంటే షాపు ఓనరే అనుకుంటారు. పైపు రెంచి పట్టుకుని గుంటలోకి దిగిన ముహిండిని చూస్తే వాళ్ళకి కొత్త. దిగు.

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. ఆయన్ని వదిలి పోవడం కష్టమైతే ముందు మీ ఊరి ప్లాంట్ లెక్కలు, నీళ్ళ టెస్టులు రాసి పెట్టుకో, అవి ఎక్కడికి పోయినా నీకు సర్టిఫికెట్ కన్నా ఎక్కువ పనికొస్తయ్.

ప్రశ్న: నాకు 63, రిటైర్డ్ టీచర్ని. ఈ వయసులో పోతానంటే పిల్లలు కోప్పడుతున్నారు. (కోవూరు)

సార్, మీరు ఉత్తరంలో 1991లో అక్షర దీపం అనే అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడి చెప్పానని రాశారే, అది చాలు నాకు. జీతం లేకుండా లాంతరు పట్టుకుని పల్లెలకి పోయి ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పారు మీలాంటివాళ్ళు, ఆ వాచకంలో సారా గురించిన సీతమ్మ కథ చదివి 1992లో కలిగిరి పక్క దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు, అది రాష్ట్రమంతా పాకింది. వాలంటీరింగ్ అనే మాట మనకి కొత్తేమో గానీ ఆ పని నెల్లూరికి కొత్త కాదు. మా బడి దగ్గర కూడా సాయంత్రం పెద్దామెలు కొందరు చదువు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు, మీలాంటి ఒక్కరుంటే బావుండు అని ఎన్నిసార్లు అనుకున్నానో.

కానీ బీపీ, షుగరు అదుపులో ఉన్నాయా, ఎత్తు ప్రదేశంలో నడవగలరా, ఎల్లో ఫీవర్ టీకా మీ వయసుకి వెయ్యొచ్చా, ఈ మూడూ డాక్టర్ చెప్పాకే మాట్లాడుకుందాం. మొదట ఏడాది అనుకోకుండా ఆరునెలలు పోండి, భాష తెలియకుండా కూర్చునే కాలం మాత్రం ఇక్కడే గడిపెయ్యండి. నా దగ్గర స్వాహిలీ నేర్చుకునే పుస్తకం ఒకటుంది, పేజీల అంచుల్లో తెలుగులో రాసుకున్న నోట్సుతో సహా. అడ్రసు పంపండి, ఈ ఆదివారం కోవూరు వస్తున్నా, ఇచ్చిపోతా.